స్టాక్‌వెల్ సంతకం

ఆల్వా స్టాక్‌వెల్ రెండేళ్లు కాంగ్రెస్ సభ్యుడిగా వాషింగ్టన్‌లో ఉన్నాడు. రెండోసారి నిలబడి ఓడిపోయి ఇండియానాలోని మా ఊరికి తిరిగొచ్చేసరికి అతని వకీలు పని వేరేవాళ్లు పట్టుకుపోయారు. అందుకని కౌంటీ రికార్డరు పదవికి నిలబడ్డాడు. పొలాల దస్తావేజులు నమోదు చేసే ఉద్యోగం అది. అదీ రాకపోతే కన్సాస్‌లో బావమరిది పంచన చేరాలి.

ఒక్క ఓటుతో గెలిచాడు. ప్రత్యర్థి గ్రోవ్ మళ్లీ లెక్కించమన్నాడు. మర్నాడు ఉదయం కోర్టు గదిలో బ్యాలెట్లు బల్ల మీద పోశారు. నాది ఇనుప సామాన్ల కొట్టు. ఆ ఎన్నికకు మాత్రం మా వార్డు పెట్టె దగ్గర అధికారిని నేనే. గ్రోవ్ తరఫున గుర్రాల కొట్టం డోరన్ కూర్చున్నాడు. అతను ఒక బ్యాలెట్ తీసి నా ముందు పెట్టాడు.

"ఎజ్రా, ఇటు చూడు. బ్యాలెట్ వెనకాల పోలింగు గుమస్తాలిద్దరి పొడి అక్షరాలే కదా ఉండాలి? మరి ఈ మూడో గీత ఎవరిదయ్యా?"

చూడగానే తెలిసింది. కాంగ్రెస్ సభ్యుడి ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు, కవరు కుడి మూల సంతకం చేస్తే చాలు. రెండేళ్లపాటు ఆ సంతకంతోనే నాకు ఉత్తరాలూ, సర్కారు ఉచితంగా పంచే విత్తనాల పొట్లాలూ వచ్చాయి. మడిచిన బ్యాలెట్ కవరులా కనబడి ఉంటుంది, అలవాటైన చెయ్యి గీసేసింది. దాన్ని పెట్టెలో వేసింది నేనే, కళ్లద్దాలు లేకుండా. ఓటరెవరో తెలిపే గుర్తుంటే ఆ ఓటు చెల్లదు. అది పోతే ఇద్దరూ సమానం.

"గుమస్తా పెన్సిల్ జారిందేమో," అన్నాను.

"జారితే ఇంత వయ్యారంగా జారుతుందా? సరే, బైబిల్ మీద చెయ్యేసి ఆ మాటే చెప్పు."

బైబిల్ అందేంత దూరంలోనే ఉంది. ఒట్టేస్తే స్టాక్‌వెల్ ఊళ్లో ఉంటాడు. ఎప్పటికైనా బయటపడితే నా దగ్గర మేకులు కొనేవాడు కూడా తక్కెడ వంక అనుమానంగా చూస్తాడు. రెండు వైపులా తూచాను. చెయ్యి సగం దూరం వెళ్లింది.

"అతన్నొదిలెయ్ డోరన్," కిటికీ పక్క కుర్చీలోంచి స్టాక్‌వెల్ అన్నాడు. "అది నా సంతకం."

డోరన్ కాగితం తిప్పి చూశాడు. "ఏం కాంగ్రెస్‌మన్ గారూ, మీ ఓటు మీకే పోస్టు చేసుకున్నారా?"

గదంతా నవ్వింది. స్టాక్‌వెల్ నవ్వలేదు.

ఆ ఓటు కొట్టేసి, చట్టప్రకారం చీటీలు వేశారు. రెండు పేర్లు రాసి టోపీలో వేసి, కౌంటీ గుమస్తా మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి పెట్టాడు. అతని వేళ్లు అడుగున తడుముతుంటే స్టాక్‌వెల్ నేలకేసి చూస్తున్నాడు. గుమస్తా చీటీ విప్పాడు.

"గ్రోవ్."

మెట్ల దగ్గర స్టాక్‌వెల్ నన్ను ఆపాడు. "నా రాతబల్ల కొంటావా ఎజ్రా? కన్సాస్‌కి మోసుకుపోలేను."

ఒక ధర చెప్పాను.

"అది జాలిపడి చెప్పిన ధర. కొట్టుకి వేరేవాడు అమ్మకానికి తెస్తే ఎంత చెప్తావ్?"

అందులో సగం చెప్పాను. బేరం కుదిరినట్టు అతను చెయ్యి కలపడానికి చాపాడు.