గంధం కింద కమిలిన చోటు

గుండు చేయించుకుంటే జలుబు చేస్తుందని బందరులో డాక్టర్లతో సహా అందరికీ తెలుసు. అందరికీ బాగా తెలిసిన సంగతులతోనే ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది.

బందరు పక్క గిలకలదిండిలో బోటు నడిపే అంకమ్మరావు మొన్న మోపిదేవి స్వామికి తలనీలాలిచ్చి, గుండంతా గంధం పూయించుకుని, తిరుగుదారిలో బండి మీంచి పడ్డాడు. పైకి కనిపించిన దెబ్బల్లా మోచెయ్యి గీసుకుపోవడమే. రెండ్రోజులైనా తలనొప్పి, ముక్కు కారడం తగ్గకపోతే ఇవాళ పొద్దున తల్లి సత్యవతమ్మ ఆస్పత్రికి తీసుకొచ్చింది. భుజంగరావు డాక్టరుగారు జలుబు మాత్రలు రాసేశారు. రేపే చేపల వేటకి వెళ్తానన్నాడు అంకమ్మరావు.

మోచేతికి కట్టు కడుతున్న నర్సు వహీదాకి మాత్రం మనసొప్పలేదు. ఆమెది ఉడుంపట్టు. తుమ్ము లేదు, దగ్గు లేదు, కుడి ముక్కు ఒక్కటే నీళ్ళలా కారడమేమిటి?

"అన్నయ్యా, కాస్త ముందుకి వంగండి."

వంగాడు. చుక్కలు టపటపా రాలాయి. పుర్రె అడుగున చీలితే మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి దిగుతుంది. ఆ దారినే క్రిములు లోపలికెక్కితే మనిషి దక్కడం కష్టం. అలా చీలితే చెవి వెనక కమిలి కనిపిస్తుంది. చూద్దామంటే అక్కడ గంధం ఎండి పెచ్చు కట్టింది.

"స్వామి గంధం. తడిగుడ్డ పెట్టద్దమ్మా," సత్యవతమ్మ అడ్డం వచ్చింది.

"నేను ముట్టుకోనండి పిన్నిగారూ, మీరే తుడవండి. తుడిచేదాకా మాత్రం ఇంటికి పంపను."

"డాక్టరుగారే పంపేశారుగా?"

"ఆయన గంధమే చూశారండి."

ముసలామె గొణుక్కుంటూ కొంగు తడిపి తుడిచింది. కుడి చెవి వెనక చర్మం నేరేడుపండులా కమిలి ఉంది.

వహీదా తలుపు తట్టకుండానే భుజంగరావుగారి గదిలోకి వెళ్ళింది. ఆయన విసుక్కుంటూనే వచ్చారు. చెవి వెనక చాలాసేపు చూసి, తను రాసిన చీటీ తనే చింపేశారు. ఆ మాత్రం మనసున్న డాక్టర్లు మనకి కొందరైనా ఉన్నారు.

"స్కానింగు తీయాలి, వెంటనే విజయవాడ పంపండి. ముక్కు మాత్రం చీదకూడదు. చీదితే గాలి, క్రిములు మెదడు దాకా వెళ్తాయి."

సత్యవతమ్మ వహీదా వైపు తిరిగింది. "రెండ్రోజుల్నించీ చీదరా, వదిలిపోద్ది అని తిట్టి మరీ చీదిస్తున్నానమ్మా."

"తెలియక చేశారు. ఇకనుంచి చీదనివ్వకండి," అంది వహీదా.

అంబులెన్సులో ఆమె కూడా ఎక్కింది. అంకమ్మరావు చెయ్యి అలవాటుగా ముక్కు దగ్గరికి లేచినప్పుడల్లా సత్యవతమ్మ పట్టుకుని కిందికి దించుతోంది. విజయవాడ దారిలో పామర్రు దాటాక ఇక ఆ చెయ్యి వదలనే లేదు.