మెయిల్‌బాక్స్ దాకా నడక

శశికాంత్ ఇంటి నుంచి వీధి చివరి మెయిల్‌బాక్స్‌కి రెండొందల అడుగులు. అమెరికాలోని బెంటన్‌విల్‌కి వచ్చిన ఆరేళ్లుగా ఆ దూరాన్ని అతను కారులోనే దాటుతున్నాడు.

షుగర్ రిపోర్ట్ చూసిన డాక్టరమ్మ పెద్దగా ఏమీ అడగలేదు. "రోజూ మెయిల్‌బాక్స్ దాకా నడవండి చాలు. మూడు నెలల్లో నంబర్ తగ్గకపోతే టాబ్లెట్లు" అంది.

"అప్పుడు పెరుగన్నం కూడా బంద్" అని, ఆవిడ చెప్పనిది భార్య గీతాంజలి చేర్చింది.

పెరుగన్నం లేని బతుకు తలచుకుని శశికాంత్ అదే రోజు షూస్, వాచీ, చెమట పీల్చే చొక్కా కొన్నాడు. రెండొందల అడుగులకి ఏర్పాట్లు పూర్తయ్యాయి.

మర్నాడు సగం దూరం వెళ్లేసరికి అదే కాలనీలో ఉండే పరంధామయ్య గారి కారు పక్కన ఆగింది.

"ఏం శశీ, కారు ట్రబులిచ్చిందా? ఎక్కు, డ్రాప్ చేస్తా."

"లేదంకుల్, వాకింగ్."

"ఎక్కడికి?"

"మెయిల్‌బాక్స్‌కి."

పరంధామయ్య గారు దించిన అద్దం ఎత్తడం మరిచిపోయారు. "ఇంట్లో అంతా ఓకేనా?"

సాయంత్రానికల్లా శశికాంత్ ఉద్యోగం పోయిందనీ, కారు అమ్మేశాడనీ కాలనీలోని తెలుగువాళ్లంతా తేల్చేశారు. కారు గరాజ్‌లోనే ఉంది. గరాజ్ తలుపు మూసి ఉండటం దాని ఖర్మ.

ముందుగా పరంధామయ్య గారి భార్య చాముండేశ్వరి స్టీలు డబ్బా నిండా బొబ్బట్లతో వచ్చింది. "వీసా సంగతి దేవుడు చూసుకుంటాడు. ముందు తినండి."

"ఆంటీ, నా జాబ్ ఉంది."

"ఉంటుంది నాయనా, ఎందుకుండదూ" అని వీపు నిమిరింది.

వెనకాలే అదే వీధిలోని నైనిక వాళ్లు సున్నుండలు, శ్రేయాస్ వాళ్లు గులాబ్‌జామ్ పట్టుకొచ్చారు. శశికాంత్ చెయ్యి సున్నుండ దాకా వెళ్లింది. గీతాంజలి ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"మరి పారేస్తామా?"

"పారేస్తే పాపం. డబ్బా ఖాళీగా తిరిగివ్వడం ఇంకా పాపం."

ఆ రెండు పాపాల మధ్య దారి దొరికింది. బొబ్బట్లు నైనిక డబ్బాలోకి, సున్నుండలు శ్రేయాస్ డబ్బాలోకి, గులాబ్‌జామ్ చాముండేశ్వరి డబ్బాలోకి మారాయి. "నడిచెళ్లి ఇచ్చిరా" అంది గీతాంజలి.

డబ్బాలు మోస్తూ ఇంటింటికీ తిరుగుతున్న శశికాంత్‌ని చూసి కాలనీ గుండె కరిగింది. మరిన్ని డబ్బాలు వచ్చాయి. రెండొందల అడుగులు రెండు వేలయ్యాయి, నెల తిరిగేసరికి ఆరు వేలు. ఒకసారి తొందరలో చాముండేశ్వరి బొబ్బట్లు చాముండేశ్వరి ఇంటికే వెళ్లాయి. "గీత చేతి బొబ్బట్లు కాస్త గట్టిగా ఉంటాయి" అందావిడ.

మూడు నెలలకి నంబర్ తగ్గింది. "మెయిల్‌బాక్స్ దాకానే నడిచారా?" అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. "అటూ ఇటూ" అన్నాడు శశికాంత్. ఆ రాత్రి గీతాంజలి అతనికి పెరుగన్నం మారు వడ్డించింది.

మర్నాడు చాముండేశ్వరి మళ్లీ డబ్బాతో వచ్చి గుమ్మంలోనే అడిగింది. "ఏం బాబూ, జాబ్ దొరికిందా?"

శశికాంత్ ఆలోచించాడు. ఉందంటే ఈసారి నమ్మేలా ఉంది. నమ్మితే డబ్బాలు ఆగుతాయి. డబ్బాలాగితే కాళ్లాగుతాయి. కాళ్లాగితే పెరుగన్నం ఆగుతుంది.

"వెతుకుతున్నానాంటీ" అని చెయ్యి చాచాడు.

ఈసారి డబ్బాలో మైసూర్‌పాక్.