మల్సున్ అక్కయ్య పగలగొట్టిన జాడీ

కొరియాలోని మోక్పోలో మా చర్చి వాళ్ళందరం కలిసి చలికాలానికి క్యాబేజీ పచ్చడి, కిమ్చీ పెట్టుకున్న రోజున, నా భార్య ఓక్జు చేతి సోయా సాస్ నాకు లేకుండా పోయింది. చనిపోయే ముందు ఆమె చేసి మా డాబా మీద జాడీలో ఉంచినది అదొక్కటే మిగిలి ఉండేది. కిమ్చీలోకి కాస్త కావాలని అడిగి తీసుకోవడానికి వచ్చిన ఆమె స్నేహితురాలు మల్సున్ అక్కయ్య, జాడీని జరపబోయి పగలగొట్టింది. నేను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా ఆమెను పలకరించలేదు. ఆమె చర్చికి రావడం మానేసింది.

క్రిస్మస్ ముందు ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల జరిగింది. రొట్టె పళ్ళెం నా దాకా వచ్చింది. కోపం మనసులో ఉంచుకుని చెయ్యి చాపలేకపోయాను. ఆరాధన ముగియగానే ఆమె ఇంటికి వెళ్ళాను.

"తిట్టడానికొచ్చారా మాస్టారూ? లోపలికొచ్చి తిట్టండి, బయట చలి," అంది తలుపు తీస్తూ.

"క్షమించమని అడగడానికొచ్చాను."

"అదేంటండీ! పగలగొట్టింది నేనైతే?"

"మీతో మాట్లాడటం మానేసి మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టింది నేను."

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. "క్షమించాను లెండి. మీ ఆవిడయితే అప్పుడే నా వీపు విమానం మోత మోగించి, ఆ వెంటనే అన్నం పెట్టేది. మీకా విద్య రాదు. కూర్చోండి, తిందురుగాని."

వేడి అన్నం, ముల్లంగి పులుసు కడుపునిండా తిన్నాను. ఓక్జు కోపాలు తలచుకుని ఇద్దరం పగలబడి నవ్వాం. వచ్చే ఆదివారం చర్చికి వస్తానంది.

జాడీ సంగతి క్షమించానని మాత్రం నేను ఆమెతో ఇంకా చెప్పలేదు.