పై ఊరి తుపాకీ చప్పుడు

హజర్ కొండల వాతావరణం చెప్పే రేడియో మనిషికి వేసవిలో పెద్దగా పని ఉండదు. మూడు నెలలూ ఒకటే వాక్యం అప్పజెబుతాడు: "హజర్ పర్వతాల మీద, వాటిని ఆనుకున్న ప్రాంతాల్లో మధ్యాహ్నం తరవాత మబ్బులు కమ్మి, జల్లులు గానీ ఉరుములతో కూడిన వాన గానీ పడే అవకాశం ఉంది." పడితే ముందే చెప్పానంటాడు. పడకపోతే అవకాశమని మాత్రమే అన్నానంటాడు. వాగు దిగువనున్న సిద్రా ఊరి జనం ఆ మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తారు.

జువైనాకి మాత్రం అలా కుదరదు. ఆ వాక్యం విన్న రోజు మధ్యాహ్నం ఆమె చెవుల్లో పై ఊరి తుపాకీ మోగుతుంది. మూడుసార్లు. కాసేపు ఆగి మళ్లీ మూడుసార్లు. సాయంత్రం మబ్బు విడిపోయేదాకా అదే వరస. ఇంకెవరికీ వినిపించదు. పద్నాలుగేళ్లుగా ఆమె వేసవులన్నీ అలాగే గడిచాయి.

వాగులో నీళ్లు కనబడగానే పై ఊరివాళ్లు మూడుసార్లు తుపాకీ పేల్చాలి. అది విని కింది ఊరివాళ్లు వాగులోంచి బయటపడాలి. ఇది తాతల నాటి కట్టు. కొండ మీద కురిసిన వాన కింద తెలియదు. ఇక్కడ నెత్తి మాడే ఎండ కాస్తుండగానే గోడంత నీరు వచ్చి మీద పడుతుంది.

పద్నాలుగేళ్ల కిందట ఒక రోజు పై ఊళ్లో హారిబ్ కొడుకు పెళ్లి. పెళ్లికీ తుపాకులే కాలుస్తారు. జువైనా మొగుడు ముహన్నా వాగు ఇసకలో దిగి కాలవ పూడిక తీస్తున్నాడు. తలెత్తి, "ఏమేవ్, ఆ చప్పుడేంటి?" అని అడిగాడు.

"పెళ్లి తుపాకులు. నిన్ను పిలవలేదని ఏడుపా? పని కానీ," అంది గట్టు మీదున్న జువైనా. ముహన్నా నవ్వి మళ్లీ పలుగందుకున్నాడు. మూడు రోజుల తరవాత అతని శవం దిగువన తుమ్మ పొదల్లో దొరికింది.

తుపాకీ పేల్చి మరీ హెచ్చరిస్తే పెళ్లి సందడి అనుకుందట అని ఊరు ఊరంతా ఆడిపోసుకుంది. అత్తగారు చచ్చేదాకా ఆమె చేతి కాఫీ ముట్టలేదు. జువైనా ఎవరితోనూ వాదించలేదు. మొగుణ్ణి నోటితో చంపుకున్నానని ఆమే అందరికంటే గట్టిగా నమ్మింది.

ఇవాళా రేడియో ఆ వాక్యమే చెప్పింది. ఖర్జూరాలు వండే రోజులు. పసుపుపచ్చటి కాయల్ని రాగి గంగాళాల్లో ఉడికించి, వాగు అవతలి కళ్లంలో ఆరబోశారు. ఇప్పుడు వాటి మీద వాన పడిందంటే ఏడాది కష్టం బూజు పాలే. మధ్యాహ్నానికి కొండ మీద మబ్బు పాలు పొంగినట్టు లేచింది. జువైనా కొడుకు నభాన్ పికప్ బండిలో టార్పాలిన్లు వేసుకుని తాళం తిప్పాడు. తల్లి వచ్చి బండికి అడ్డంగా నిలబడింది.

"మళ్లీ మోగిందా?" అన్నాడు విసుగ్గా.

"మోగింది. బండి దిగు."

"నిన్నా మోగింది, మొన్నా మోగింది. ఒక్క చుక్క పడిందా? ఊళ్లో కుర్రాళ్లు నన్ను చూసి నోటితో ధన్ ధన్ అంటున్నారమ్మా. తలెత్తుకు తిరగలేకపోతున్నా."

"అననీ. అనిపించుకోడానికైనా నువ్వు బతికుండాలి గదరా."

అంతలో కర్ర పొడుచుకుంటూ హారిబ్ వచ్చాడు. తుపాకీ పేల్చే పని పై ఊళ్లో అప్పట్లో అతనిదే, అతని తరవాత ఆ పని ఎవరూ అందుకోలేదు. ఇప్పుడు డెబ్బై దాటాయి, హజ్‌కి బయల్దేరుతున్నాడు. అతిథి గుమ్మంలో ఉండగా తల్లీకొడుకులు కొట్లాడుకోవడం బాగుండదు. నభాన్ బండి ఆపి లోపలికొచ్చాడు. జువైనా ఖర్జూరాలు పెట్టి కాఫీ పోసింది.

హారిబ్ చిన్న గిన్నె అందుకుని, పెదవికి తాకించకుండానే నేల మీద పెట్టేశాడు. అంటే ఏదో అడగడానికి వచ్చాడు, ఇస్తానంటేనే తాగుతాడు. అదేమిటని అడక్కుండా ఒప్పుకోవడం ఆ కొండల్లో మర్యాద. ఖర్జూరం పిలకలో మేకపిల్లో అడుగుతాడనుకుంది జువైనా.

"తాగు హారిబన్నా. నువ్వడిగింది ఇచ్చేశా."

ముసలాయన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"అయితే నన్ను మన్నించేశావు, నభాన్ తల్లీ. హజ్‌కి పోయేవాడు ఎవరి ఉసురూ మోసుకుపోకూడదు. ఇంక చెప్పనీ. ఆ రోజు నేను వాగు తుపాకీ కాల్చలేదు."

జువైనా చేతిలోని కాఫీ కూజా కింద పెట్టేసింది.

"తూటాలన్నీ కొడుకు పెళ్లిలో ఆకాశానికి పోశా. నీళ్లు మా తోట దాటేటప్పుడు బెల్టు తడుముకుంటే ఒక్కటి లేదు. బురుజెక్కి గొంతు చించుకుని అరిచా. ఇంత దూరం ఎవడికి వినబడుద్ది? నువ్విన్నవి పెళ్లి తుపాకులేనమ్మా. ఉన్నమాటే చెప్పావు నువ్వు."

"పరామర్శకొచ్చినప్పుడు, కాల్చావా అని మా అత్త నిన్నడిగింది గదా?"

"తలూపా. అంతమంది చూస్తున్నారు. తలూపేశా."

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, తప్పు ఎవరిదో, పద్నాలుగేళ్లు తిట్లు తిన్నది ఎవరో! జువైనాకి ఆ గిన్నె అతని మొహాన కొట్టాలనిపించింది. కానీ మన్నింపు ముందే ఇచ్చేసింది, ఇచ్చిన మాట వెనక్కి రాదు.

నభాన్ తల్లి కళ్లలోకి చూడలేకపోయాడు. తండ్రి పోయినప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. ఊరు అన్నమాటే వాడూ నమ్మాడు. మెల్లగా అన్నాడు: "విన్నావుగా అమ్మా. అవి పెళ్లివే. వాగుకీ వాటికీ సంబంధం లేదు. ఇంక వాటికి భయపడకు. పోయి కప్పేసి వచ్చేస్తా."

అందులో తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు ఆమెకి. "వెళ్లు," అంది. ఆ మాట అనగలిగినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

బండి గట్టు దిగిన చప్పుడు దూరమైంది. జువైనా కళ్లు మూసుకుంది. చెవుల్లో ఏమీ మోగడం లేదు. మబ్బు ఇంకా కొండ మీదే ఉంది, అయినా తుపాకీ లేదు. ముందు ఒళ్లు తేలికైంది, నిద్ర కూడా వచ్చేలా ఉంది. ఖర్జూరాల మీద ఈగ వాలిన చప్పుడు వినిపించింది. ముసలాయన ఊపిరి వినిపించింది. అంత నిశ్శబ్దం ఆమె ఇదివరకు ఒక్కసారే విన్నది.

ఒక్కసారిగా లేచి పరిగెత్తింది. చెప్పులు లేవు, తల మీద ముసుగు జారిపోయింది. కాలుతున్న గులకరాళ్ల మీద వాగులోకి దిగిపోయి, "నభాన్!" అని అరుస్తూనే ఉంది.

వాగు మధ్యలో నభాన్‌కి అద్దంలో తల్లి కనబడింది. ముసుగు లేకుండా పరిగెత్తే తల్లిని చూసి వాడికి సిగ్గూ కోపమూ ముంచుకొచ్చాయి. బండి అక్కడే ఆపేసి, దిగి ఎదురొచ్చాడు. "నీకేమైందే? ఊరంతా చూడాలా?" అని రెక్క పట్టుకుని గట్టు వైపు లాక్కొచ్చాడు. ఆమె వదిలించుకోలేదు. వాడికంటే వేగంగా వాణ్ణే లాగింది. హారిబ్ గట్టు మీంచి కర్ర అందించాడు.

ముగ్గురూ పైకి చేరారో లేదో, పై మలుపులో తాటిమాను ఎత్తున ఎర్రటి నీళ్లు విరుచుకుపడ్డాయి. చెట్లూ బండలూ దొర్లించుకుంటూ వచ్చి, పికప్‌ని అగ్గిపెట్టెలా తిప్పి తీసుకుపోయాయి. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంది.

నభాన్ తల్లి పాదాల దగ్గర కూలబడ్డాడు. ఆ కాళ్ల నుంచి రక్తం కారుతోంది.

"మళ్లీ తుపాకీ వినబడిందా, అమ్మా?"

"లేదురా. ఆగిపోయింది," అంది జువైనా. "మీ నాన్న పోయిన రోజు కూడా నీళ్లు రాబోయే ముందు పెళ్లి తుపాకులు ఇలాగే ఆగిపోయాయి."