తూర్పు వైపు గీతలు

ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. వంటింట్లో మా అమ్మ రెబెక్కమ్మ. అమ్మ పక్కన పీట మీద మస్తానమ్మ. ఆమె ఎండు చేపల కోసం కొడవలూరు నుంచి వచ్చి, ఎండ తగ్గేదాకా మా ఇంట్లో ఆగింది. ముందు గదిలో మా అన్న యెహోషువ. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో సంజీవరావుగారు. ఆయన నెల్లూరులో ఒక మైకా కంపెనీ నడిపే ఫుట్‌బాల్ టీముకు మేనేజరు. బెంచీ మీద ఇద్దరు: విడవలూరులో సైకిల్ షాపు పెట్టుకున్న కామాక్షయ్య, బుచ్చిరెడ్డిపాలెం రైతు పద్మనాభయ్య. వాళ్లిద్దరికీ ఆ టీముతో ఏ సంబంధమూ లేదు, అది ఆడిన ప్రతి ఆటా చూడటం తప్ప. మా నాయన ఉపదేశి. పక్క ఊళ్లో ప్రార్థన కూటానికి వెళ్లాడు. చివరికి నేను, కరుణాకుమారి. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే నన్ను ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

మా అన్న ఆ టీముకు సెంటర్ ఫార్వర్డ్, కెప్టెను కూడా. అందులో ఆడేవాళ్లందరికీ కంపెనీలో ఉద్యోగం ఉంది. స్టోర్సులో అనీ, గేటు దగ్గర అనీ పేరుకు ఒక పని రాసి ఉంటుంది గాని అసలు పని బంతి ఆడటమే. టీములోంచి తీసేస్తే ఆ ఉద్యోగమూ పోతుంది. గడిచిన నాలుగు ఆటల్లో మావాళ్లు ఒక్క గోలే కొట్టారు. వచ్చే శనివారం మద్రాసు టీముతో పెద్ద ఆట. ఎవరిని ఉంచాలో ఎవరిని తీయాలో తేల్చుకోవడానికి సంజీవరావుగారు జీపులో మా పాళెం దాకా వచ్చారు. ఆ జీపును రోడ్డు మీద చూసి ఈ ఇద్దరూ సైకిళ్లు తొక్కుకుంటూ వెనకాలే వచ్చేశారు.

నేను కాఫీ గ్లాసులు తీసుకుని గదిలోకి వెళ్లేసరికి పద్మనాభయ్య అరుస్తున్నాడు.

"హజరత్తయ్య రైట్ అవుట్ గాదు సార్, చేలో దిష్టిబొమ్మ! బంతి పోతా ఉంటే చూస్తా నిలబడతాడు. కాకులన్నా బెదురుతాయా అంటే అదీ లేదు."

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది పద్మనాభయ్యా," అన్నాడు కామాక్షయ్య. "రెండో హాఫ్‌లో వాణ్ణి చూసినావా? గుర్రం గదా! వాడు రెండో హాఫ్ మనిషి, అంతే."

"అట్టయితే మొదటి హాఫ్‌కి ఇంట్లో పడుకొని, రెండో దానికి ఎద్దుల బండి కట్టించుకొని రమ్మను."

"మరి చెంగయ్యో? లెఫ్ట్ అవుట్. మొదటి హాఫ్‌లో ఏం ఉరుకు ఉరుకుతాడు! రెండో హాఫ్‌లో ఉండాడో లేడో తెలియదు."

"వాడికి ఆయాసం. వాళ్ల నాయనకీ ఉండేది."

"ఒకడు నిద్ర లేచేటప్పటికి ఇంకొకడు నిద్రపోతుండాడు. ఎట్టా కొడతారు సామీ గోలు?"

సంజీవరావుగారు నవ్వలేదు. ఆయన ఒళ్లో కాగితం ఉంది. పదకొండు పేర్లు రాసి ఉన్నాయి. కలం మూత తీసి పట్టుకున్నారు.

"చెంగయ్యకు బదులు మనిషి లేడు. హజరత్తయ్యకు ఉన్నాడు," అన్నారు. "యెహోషువా, నువ్వు కెప్టెనువి. పక్కనే ఆడేవాడివి. నువ్వేమంటావు?"

అన్న గ్లాసు అందుకున్నాడు గాని తాగలేదు.

"మీ ఇష్టం సార్," అన్నాడు.

నేను వంటింట్లోకి వచ్చాను. ముందు గది మాటలు మస్తానమ్మకు వినపడవు. పొయ్యి దగ్గర చింతచెట్టు కట్టెలు చిటపటమంటున్నాయి, పైగా ఆమె తన మాటల్లో తానుంది.

"వాడికి కంపెనీలో పని దొరికినాక ఊళ్లో నన్ను హజరత్తు వాళ్లమ్మా అని పిలస్తుండారు రెబెక్కమ్మా. అంతకుముందు ఒసే, ఏమే, అంతే. ఇప్పుడు సంఘం పెసిడెంటు గూడా ఏం హజరత్తు వాళ్లమ్మా, బాగుండావా అంటాడు." కొంగు ముడి విప్పి ఒక తాయెత్తు చూపించింది. "కసుమూరు దర్గాలో కట్టించినా. శనివారం ఆటకు వాడి కాలికి కట్టాల. యెహోషువ బాబు చేతికిచ్చి పంపుతా. ఆయన చేత్తో కడితే వాడికి ధైర్యం."

అమ్మ నా వైపు చూసింది. ఆ గదిలో ఏం జరుగుతోందో అమ్మకు తెలుసు. నాకూ తెలుసు. అమ్మ పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.

నా డైరీ బియ్యం డ్రమ్ము వెనక ఉంటుంది. మా బళ్లో ప్రేమలీల టీచరు ఎనిమిదో తరగతిలో రాయడం మొదలుపెట్టించింది. చూసింది ముందు రాయి, అనుకున్నది తర్వాత రాసుకో అని చెప్పింది. అన్న మమ్మల్ని నెల్లూరికి మొదటిసారి ఆటకు తీసుకెళ్లినప్పుడు నాకు ఏమీ అర్థం కాలేదు. పక్కనున్న ఆడవాళ్లను అడగడానికి సిగ్గు. అందుకని చూసిందే రాశాను. పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత గీసి, మావాళ్లు బంతిని నేను కూర్చున్న వైపుకి అందిస్తే ఇటు ఒక చిన్న గీత, దూరం వైపుకి అందిస్తే అటు ఒక గీత. మొదటి హాఫ్ ఒక పేజీ, రెండో హాఫ్ ఒక పేజీ. ఆ తర్వాత ప్రతి ఆటకూ అలాగే రాస్తూ వచ్చాను. నెల్లూరులో ఆడవాళ్ల బెంచీలు పడమటి వైపు ఉంటాయి. ఎండ వీపున పడుతుంది.

నెల్లూరు పేజీలన్నిట్లో దగ్గర వైపు గీతలు గంపెడు. దూరం వైపు నాలుగో అయిదో. హాఫ్ టైములో మావాళ్లు అటు చివర నుంచి ఇటు చివరకు మారినా గీతలు మాత్రం మారలేదు. నా కళ్లకు దూరం సరిగ్గా ఆనడం లేదేమో అనుకుని, ఆ మాటా రాసుకున్నాను.

కాని కావలిలో ఆడిన ఆట పేజీలు వేరుగా ఉన్నాయి. అక్కడ మమ్మల్ని తూర్పు వైపు కూర్చోబెట్టారు. ఎండ కళ్లలో పడి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. ఆ పేజీల్లో దూరం వైపే గీతలు గంపెడు. నా ముందుకు, పదిగజాల దూరానికి, బంతి రెండు హాఫ్‌లలో కలిపి ఆరుసార్లు వచ్చింది.

బియ్యం డ్రమ్ము పక్కన కూర్చుని ఆ పేజీలు అటూ ఇటూ తిప్పాను. నా కళ్లు మంచివే. బంతి తూర్పుకి పోవడం లేదు, అంతే. ముందు వరుసలో తూర్పు వైపు ఎవరు పడితే వాళ్లు దిష్టిబొమ్మ అవుతున్నారు. మొదటి హాఫ్‌లో కుడి పక్క ఆడే హజరత్తయ్య, చివరలు మారాక రెండో హాఫ్‌లో ఎడం పక్క ఆడే చెంగయ్య.

ఎందుకో మా పాళెంలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. బంతి అందించే హాఫ్ బ్యాకులు హెబ్రోను, జ్ఞానప్రకాశం, మధ్యలో అన్న, ముగ్గురూ మా సముద్రపు ఒడ్డున ఆట నేర్చినవాళ్లే. అక్కడ తూర్పున గీత ఉండదు, నీళ్లుంటాయి. పాళెం మొత్తానికి తోలు బంతి ఒకటే. ఉప్పునీళ్లలో పడితే రాయిలా బరువెక్కి రెండు రోజులకు గాని ఆరదు. అందుకని పెద్దవాళ్లు ఒక కట్టుబాటు పెట్టారు: బంతిని నీళ్లలోకి తన్నినవాడు దీపాలవేళ దాకా ఇసకలో కూర్చోవాలి. అన్న ఏడేళ్లప్పుడు ఒకసారి అలా కూర్చుని ఏడ్చాడట. మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు. సాయంత్రం అయిదింటికి నెల్లూరు గ్రౌండుకు కూడా సముద్రం గాలి వస్తుంది. చెంపకు ఆ గాలి తగిలితే చాలు, కాలు తనంతట తానే పడమటికి తిరుగుతుంది.

ఈ మాట చెబితే తప్పు మా అన్న మీదికి వస్తుంది. చెప్పకపోతే మస్తానమ్మ కొడుకు మీద ఉండిపోతుంది. పైగా కావలి రెండో పేజీ కింద ఇంకో మాట రాసి ఉంది: 'ఈ రోజు అన్న సిగరెట్టు కాల్చి, వాసన రాకుండా జామాకు నమిలాడు.' ఆ పేజీ చించడానికి వీల్లేదు, గీతలు దాని మీదే ఉన్నాయి.

"వాడికి జీవితంలో అదొక్కటే దొరికిందమ్మా," అంటోంది మస్తానమ్మ, తాయెత్తును మళ్లీ ముడి వేసుకుంటూ.

ఖాళీ గ్లాసుల కోసమని పళ్లెం తీసుకుని వెళ్లాను. పళ్లెంలో డైరీ పెట్టాను. సంజీవరావుగారి ముందు పళ్లెం చాపి నిలబడ్డాను.

"ఏందమ్మాయ్, పలహారమా?" అన్నాడు కామాక్షయ్య.

"గీతలు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "బంతి ఎటు పోయిందో గీతలు సార్. తూర్పుకి పోవడం లేదు."

తర్వాత ఎలా చెప్పానో తెలియదు. నేల వంక చూస్తూ, కావలి సంగతీ, ఒడ్డు సంగతీ, ఎండ సంగతీ ముక్కలు ముక్కలుగా చెప్పాను. సంజీవరావుగారు పేజీలు తిప్పారు. కావలి పేజీ దగ్గర ఆయన మీసం కొంచెం కదిలింది. జామాకు చదివారని అర్థమైంది.

అన్న లేచి నిలబడ్డాడు. "నేను ఆడతా ఉంటే కూర్చుని నా తప్పులు రాసినావా మే?"

"తప్పులని రాయలేదన్నా. చూసింది రాసినా."

"ఆడపిల్ల గీతలు పట్టుకొని టీము మారుస్తారా సార్!" అన్నాడు పద్మనాభయ్య.

"గీతలు వద్దులే. కాళ్లనే అడుగుదాం," అన్నారు సంజీవరావుగారు. "బంతి తీసుకుని వాకిట్లోకి రా యెహోషువా."

కామాక్షయ్యను తూర్పున మునగచెట్టు కింద, పద్మనాభయ్యను పడమట బావి పక్కన నిలబెట్టారు. అన్న మధ్యలో, ఇంటి వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. మెట్ల మీద నుంచి సంజీవరావుగారు బంతి దొర్లిస్తారు. ఆలోచించకుండా ఇద్దరిలో ఎవరికో ఒకరికి వెంటనే అందించాలి. ఏమీ ఆలోచించకూడదు, అంతే.

ఎనిమిదిసార్లు దొర్లించారు. ఏడుసార్లు బంతి బావి దగ్గరికి పోయింది. ఒకసారి తిరిగి మెట్ల దగ్గరికే వచ్చింది.

"ఏంది సామీ ఇది?" అని అరిచాడు కామాక్షయ్య. "పంక్తిలో కూర్చోబెట్టి నాకొక్కడికే ఆకు వెయ్యకుండా వదిలేసినట్టుండాదే!"

"ఇప్పుడు వీధి వైపు తిరుగు," అన్నారు సంజీవరావుగారు. తానే వీధి వైపుకి నడిచి వెళ్లి అక్కడి నుంచి దొర్లించారు. ఇంతకుముందు అన్నకు ఎడమ పక్కనున్న బావి ఇప్పుడు కుడి పక్కకు వచ్చింది. అయినా బంతి మళ్లీ బావి దగ్గరికే. మళ్లీ. మళ్లీ. ఇటు ఒంగి అటు ఒంగి పద్మనాభయ్య నడుము పట్టుకున్నాడు.

"నాకు ఆయాసం వస్తుండాది యెహోషువా," అన్నాడు.

"చెంగయ్యకు వచ్చింది గూడా ఇదేనేమో," అన్నాడు కామాక్షయ్య.

ఎవరూ నవ్వలేదు. అన్న తన కుడి పాదం వంక చూసుకుంటున్నాడు, అది వేరెవరిదో అయినట్టు.

చప్పుడుకు మస్తానమ్మ వాకిట్లోకి వచ్చింది. నడివయసు మనుషులు చెట్టు కింద ఒకడు, బావి దగ్గర ఒకడు నిలబడి ఉండటం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నా బిడ్డ ఒక్కడే పిచ్చోడనుకున్నా, పెద్దోళ్లు గూడా ఆడుకుంటుండారే!" అంది. తర్వాత దగ్గరికొచ్చి తాయెత్తు అన్న అరచేతిలో పెట్టింది. "శనివారం వాడి కాలికి నువ్వే కట్టాల బాబూ. నీ పక్కన ఆడతాడు గదా."

అన్న అరచేతిలోకి చూసి, తాయెత్తును చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆమె చీర సర్దుకుని, చేపల గంప నెత్తిన పెట్టుకుని, బస్సుకు టైమయిందని వెళ్లిపోయింది.

అందరూ మళ్లీ ముందు గదిలోకి వెళ్లారు. నేను గుమ్మం దగ్గర ఆగాను. కాగితం కుర్చీలోనే ఉంది. కలం మూత తీసే ఉంది.

"తీయాల్సింది హజరత్తయ్యను గాదు సార్," అన్నాడు అన్న. "వాడికి మేము బంతే ఇవ్వలేదు. నాలుగు ఆటలు నా పక్కనే ఉరికినాడు, నేను చూడలా. ఇందాక మీరడిగితే మీ ఇష్టం అన్నా. అది తప్పు."

"మరి నిన్ను తీయమంటావా?"

"వారం టైమియ్యండి సార్. రేపు ఆరాధన అయినాక హెబ్రోనునీ జ్ఞానప్రకాశాన్నీ తీసుకొని ఒడ్డుకు పోతా. హజరత్తయ్యనీ చెంగయ్యనీ గూడా పిలిపిస్తా. కట్టుబాటు తిరగేస్తాం. బంతిని నీళ్లలోకి తన్ననోడు ఇసకలో కూర్చోవాల."

సంజీవరావుగారు ఈసారి నవ్వారు. "తడిసిన బంతి రాయవుతుందన్నారు గదా?"

"కంపెనీకి బంతులు కొదవా సార్? ఒక డజను పంపించండి."

"ఒక డజను చాలవబ్బా," అన్నాడు పద్మనాభయ్య. "సముద్రం గూడా ఒకటో రెండో ఉంచుకుంటుంది." కాసేపటికి మళ్లీ తనే అన్నాడు, "పొట్టి పాసులు మాత్రం వద్దు. తూర్పుకి పొడుగ్గా కొట్టాల, హజరత్తు ఉరికి అందుకుంటాడు. గుర్రం గదా వాడు."

"ఇందాక దిష్టిబొమ్మ అన్నావే!" అన్నాడు కామాక్షయ్య.

సంజీవరావుగారు కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. కాగితం మీద పదకొండు పేర్లూ అలాగే ఉన్నాయి. డైరీలో ఖాళీ పేజీ తీసి చుట్టూ చూశారు. "గ్రౌండు బొమ్మ వేయాలి. కలంతో వేస్తే చెరపలేం."

అన్న గుమ్మం దగ్గరికి వచ్చాడు. నా మీద కోపం ఉందో లేదో ఆ ముఖంలో తెలియలేదు. చొక్కా జేబులోంచి తాయెత్తు దారం కనపడుతోంది.

"పెన్సిలు ఇయ్యి," అన్నాడు.

జడలో గుచ్చుకున్న పెన్సిలు తీసి ఇచ్చాను. దాని మొన చూశాడు, వేలితో సరిచూసుకున్నాడు.

"పోయిన వారం విడవలూరులో ఆడింది గూడా రాసినావా?"

"రాసినా అన్నా. చివర రాసిన రెండు పేజీలు."

తల ఊపాడు. తర్వాత గొంతు తగ్గించి, "జామాకు సంగతి మనిద్దరం తర్వాత మాట్లాడుకుందాం మే," అని, నన్ను బయటే ఉంచి తలుపు వేసేశాడు.