ఖాళీ ప్లాస్మా

ఆ ల్యాబులో పీక్ రాలేదంటే ఎవరికో పీకల మీదికి వచ్చినట్టే. రక్తంలోంచి తేటగా విడదీసిన ప్లాస్మాను ద్రవ క్రోమటోగ్రఫీ యంత్రంలోకి ఎక్కిస్తే, అందులోని క్యాన్సర్ మందు వేరుపడి తెరమీద గీత కొండలా లేస్తుంది. అదే పీక్. ఆ రోజు అక్కడ పనిచేసే కోడలు పరీక్షించింది సొంత అత్తగారి ప్లాస్మా. గీత చాప పరిచినట్టు చదునుగా ఉంది. మందు ఒంటపట్టడం లేదని తేలితే డాక్టరు దాన్ని ఆపేస్తాడు. ఇంకో మందు లేదని ముందే చెప్పాడు.

అంతకన్నా వింత ఇంకొకటి. పోల్చి చూడటానికి మందు వాడని మనిషి ప్లాస్మా కావాలి. వాళ్ల భాషలో అది 'ఖాళీ ప్లాస్మా'. ఈసారి దాత మామగారే. తన రక్తమంత స్వచ్ఛమైనది ఇంకెక్కడా దొరకదని వీధంతా చాటుకుని మరీ ఇచ్చారు. ఆ స్వచ్ఛమైన రక్తంలో కొండ నిటారుగా నిలబడింది.

ల్యాబు పెద్దసారు కంగారుగా వచ్చాడు. మధ్యాహ్నం తనిఖీ ఉంది.

"లేబుళ్లు తారుమారయ్యాయమ్మా. ఇటుది అటు అంటించెయ్. చక్కగా కుదురుతుంది."

"నా చేత్తో నేనే అంటించాను సార్. యంత్రం కూడా బాగానే ఉంది."

"ఎందుకమ్మా గొడవ? యంత్రాన్ని తప్పుపడితే ఫైలు నడపాలి. లేబుల్‌కైతే జిగురు చాలు."

లేబుల్ మారిస్తే రిపోర్టు బాగుపడుతుంది, అత్తగారు బాగుపడరు. కోడలు లేబుళ్లు ముట్టుకోకుండా ఇంటికి పరుగెత్తింది.

అత్తగారు బల్ల దగ్గర మాత్రలు సర్దుతున్నారు. కోడలు చూస్తుండగానే క్యాన్సర్ మాత్ర మామగారి ముందుకు జరిగింది. ఆయన విటమిన్ మాత్ర ఆవిడ నోట్లోకి వెళ్లబోయింది.

"అత్తయ్యా! అది మీ మందు!"

"తెలుసులేవే. అంత పెద్ద డాక్టరు రాసిన మందు నేనొక్కదాన్నే మింగేసి, మీ మామయ్యకి ఈ బోడి విటమిన్ పెట్టమంటావా? మంచిదేదైనా ఆయనకి పెట్టకుండా ఎప్పుడైనా ముట్టానా?"

"మామయ్యా, ఏం మింగుతున్నారో మీరైనా అడగొద్దా?"

"మీ అత్తయ్య పెట్టింది తినడమే గానీ, అడగడం ఎప్పుడు అలవాటమ్మా నాకు?" అంటూ ఆయన వాచిన కాళ్లు చూసుకున్నారు. "బలం పట్టిందనుకున్నాను."

కోడలికి ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువగా కోపమొచ్చింది. మామగారిని అప్పటికప్పుడు డాక్టరుకి చూపించింది. ఆ తర్వాత రోజూ మాత్ర అత్తగారి గొంతు దిగేదాకా ఎదురుగా నిలబడింది.

కొన్నాళ్లకు ఇద్దరి ప్లాస్మా మళ్లీ ఎక్కించింది. అత్తగారి గీత కొండై లేచింది, మామగారిది చదునైపోయింది. కోడలు కళ్లు తుడుచుకుని రెండు కాగితాలూ ఇంటికి తెచ్చి చూపించింది.

అత్తగారు తన కొండను చూడనే లేదు. మామగారి గీత మీద వేలు పెట్టి మొహం చిన్నబుచ్చుకున్నారు.

"అంతా నాకే వచ్చిందేమిటే? పాపం, ఆయనకి కూడా చిన్నది ఒకటి గీసి పెట్టకూడదూ?"