తట్టి చూడని పలక

ఆగండి, ఒక్క పది నిమిషాలు ఆగండి! ఆ ఫోన్‌లో ధర చూపిస్తూ పైకి పాకుతున్న పచ్చగీతను తర్వాత చూసుకోవచ్చు. పెరిగేదైతే మీరు చూడకపోయినా పెరుగుతుంది, పడేదైతే మీరు రెప్ప వేయకుండా చూసినా పడుతుంది. దాన్ని బోర్లా పెట్టి, ముందు రత్నమ్మ కథ వినండి.

మార్కాపురం ఊరి బయట పలకల ఫ్యాక్టరీ ఉంది. రేకుల షెడ్డు కింద, పొద్దున తొమ్మిదింటికే దుమ్ము లేస్తుంటే, తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉంటుంది రత్నమ్మ. ఆమె పని చూడ్డానికి చాలా తేలిక. కోసి తెచ్చిన రాతి పలకను ఎడమచేతి వేళ్ల మీద నిలబెడుతుంది. కుడిచేతి వేలి కణుపుతో ఒక్కసారి తడుతుంది. ఖంగుమంటే మంచి పలక, కుడివైపు పెడుతుంది. మొద్దుగా మోగిందంటే లోపల ఎక్కడో కంటికి ఆనని పగులు ఉన్నట్టే, ఎడమవైపు పెడుతుంది. అంతే! ముప్పై ఏళ్లుగా ఇదే పని. ఎవరు తెచ్చిచ్చిన పలకైనా సరే, ఎంత నున్నగా మెరుస్తున్నా సరే, తట్టకుండా కుడివైపు పెట్టిన రోజు లేదు.

ఆ శనివారం పొద్దున ఎదురుగా కూర్చున్న కాశమ్మ ఉండబట్టలేక మాట కదిపింది.

"మే రత్నమ్మా, గేదెను అమ్మేసినా."

"యాడక్కా? పొదిలి సంతలోనా?"

"ఆ. యాభై వేలకి. తాడు వాళ్ల చేతికిస్తే ఎనక్కి తిరిగి నన్నే చూసింది మే. నాకు కళ్లల్లో నీళ్లాగలా."

"అంత ప్రాణమైనదాన్ని ఎందుకు అమ్ముకుంటివి?"

"నువ్వే అట్ల అడిగితే ఎట్ల?" కాశమ్మ నవ్వింది. "మీ మేనల్లుడు ఆనంద్ బాబు ఫోన్‌లో చూపించే కాయిన్‌లో పెడదామని! గేదెకి పొద్దున లేస్తే గడ్డెయ్యాల, నీళ్లు పెట్టాల. ఈ మధ్య నీళ్లకే మనిషి సచ్చిపోతాంది. కాయిన్‌కి గడ్డీ వద్దు, నీళ్లూ వద్దు. ఊరికే పడుకోనుంటే అదే ఈనుద్దంట గదా. నీదేమో అప్పుడే మూడింతలైందని ఊరంతా చెప్పుకుంటాండారు."

రత్నమ్మ కూడా నవ్వింది. చేతిలో పలకను తట్టింది. కానీ అది ఎలా మోగిందో ఆమె వినలేదు. మళ్లీ తట్టాల్సి వచ్చింది.

ఆమెకు మొగుడు శాంతయ్య గుర్తొచ్చాడు. శాంతయ్య బతికినన్నాళ్లూ పలకరాయి క్వారీలో పనిచేశాడు. ఎంతమంది పిల్లలు ఆయన తవ్విన రాయి మీద అ, ఆలు దిద్దుకున్నారో లెక్కలేదు. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో చేరి రెండేళ్ల కింద ఆయన్ని తీసుకుపోయింది. ఊళ్లో మిగతావాళ్ల సమాధులకు సిమెంటు, పైన పేరు చెక్కిన రాయి ఉన్నాయి. శాంతయ్యకు ఒట్టి మట్టికుప్పే! వానపడ్డప్పుడల్లా అది ఒక బెత్తెడు కుంగుతుంది. లోకానికంతా రాసుకోవడానికి పలకలిచ్చిన మనిషి పేరు ఏ రాయి మీదా లేదు. నవంబరులో వచ్చే సమాధుల పండుగకు అందరూ తమ వాళ్ల సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, రత్నమ్మ ఆ మట్టిని చేత్తో సర్ది వచ్చేది. అందుకే కూలి డబ్బుల్లోంచి తీసి తీసి ముప్పై ఎనిమిది వేలు కూడబెట్టింది. ఆ ముప్పై ఎనిమిది వేలే కాయిన్‌లో ఉన్నాయి.

ఎలా చేరాయంటారా? ఇక్కడే ఉంది అసలు సంగతి.

రత్నమ్మ వెళ్లే చర్చిలో ప్రతి ఆదివారం సాక్ష్యాల సమయం ఉంటుంది. జ్వరం తగ్గినవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు, బోరులో నీళ్లు పడ్డవాళ్లు లేచి నిలబడి దేవుడు తమకు చేసిన మేలు చెప్తారు. విన్నవాళ్లంతా "స్తోత్రం" అంటారు. ఎంత చక్కటి అలవాటో చూడండి, ఒకరి సంతోషం ఊరందరిదీ అవుతుంది! అక్కడ ఎవరూ ప్రశ్నలు అడగరు. "నీళ్లు ఎన్ని అడుగులకు పడ్డాయి, ఉప్పనా తియ్యనా?" అని సాక్ష్యం మధ్యలో అడిగేవాళ్లు ఎక్కడైనా ఉంటారా?

మార్చి నెలలో ఒక ఆదివారం ఆనంద్ బాబు లేచాడు. రత్నమ్మ అన్న కొడుకు. హైదరాబాదులో బీటెక్ చదివి, ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చిన పిల్లవాడు. తాను యాభై వేలు కాయిన్‌లో పెడితే మూడు నెలల్లో తొంభై వేలైందని, ఇది దేవుడు తెరిచిన తలుపని చెప్పాడు. "స్తోత్రం" అన్నారు అందరూ. అదే మాట టీ దుకాణం దగ్గర చెప్పుంటే పదిమంది పది ప్రశ్నలేసేవాళ్లు. ఒకడు ఎగతాళి చేసేవాడు, ఇంకొకడు కాగితాలు చూపించమనేవాడు. చర్చిలో సాక్ష్యంగా చెప్పాడు కాబట్టి ఎవరి నోరూ లేవలేదు. ముప్పై ఏళ్లు ప్రతి పలకనూ తట్టి చూసిన రత్నమ్మ కూడా తట్టలేదు. మర్నాడే డబ్బు తెచ్చి మేనల్లుడి చేతిలో పెట్టింది.

ఇప్పుడు మళ్లీ శనివారానికి వద్దాం. సాయంత్రం నాలుగింటికి రత్నమ్మ ఇంటికొచ్చేసరికి ఆనంద్ బాబు గడపలో కూర్చుని ఉన్నాడు. ముఖంలో నవ్వుంది గానీ కళ్లల్లో లేదు.

"అత్తా, నీది లక్షా పన్నెండు వేలైంది చూడు!"

"అయితే తీసియ్యరా నాయనా. మేస్త్రీకి చెప్పొచ్చినా. పండక్కి మూడు వారాలు కూడా లేదు."

ఆనంద్ బాబు ఫోన్ తిప్పి తిప్పి చూసుకున్నాడు. "దానికో రూలుంది అత్తా. తియ్యాలంటే మన కింద కొత్తగా ఒకరు చేరాలంట. ఒక్కరు చాలు. కాశమ్మవ్వ ఎట్లాగూ చేరతానంటాంది గదా. రేపు చర్చిలో నువ్వు లేచి సాక్ష్యం చెప్పినావనుకో, ఒక్కరు కాదు, పదిమంది చేరతారు. సోమవారానికి నీ డబ్బు నీ చేతిలో ఉంటది. మామకు సమాధి లేస్తది."

రత్నమ్మ నీళ్ల బాన పక్కన చతికిలబడింది. బాన మీద మూతగా పెట్టిన విరిగిన పలకను ఆమె వేళ్లు వాటంతటవే తడుతున్నాయి.

"ఆనందూ, నాకు చదువు లేదు. అడిగితే నవ్వొద్దు. అందరూ అంటాండే, ఈ బిట్‌కాయిన్ అంటే ఏందిరా?"

పిల్లవాడి ముఖం ఒక్కసారిగా వెలిగింది. ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. "అబ్బ, అది మామూలు తెలివి కాదు అత్తా! దానికి యజమాని లేడు. లోకంలో వేల కంప్యూటర్లలో ఒకే లెక్క పుస్తకం ఉంటది. ఒకడు దొంగ లెక్క రాస్తే మిగతావి ఒప్పుకోవు. రెండు కోట్ల పది లక్షలకు మించి ఒక్కటి కూడా పుట్టదు. ఎవరి కాయిన్ వాళ్ల రహస్య తాళంతోనే తెరుచుకుంటది."

"బాగనే ఉంది. దాని ధర ఎవరు చెప్తారు?"

"కొనేటోళ్లు, అమ్మేటోళ్లు."

"పడుద్దా?"

"పడుద్ది. సగానికి సగం పడిన ఏళ్లు కూడా ఉన్నాయి."

"సర్కారు పూచీ ఉందా?"

"లేదు. లాభం వస్తే పన్ను మాత్రం కట్టాల. నూటికి ముప్పై."

"పూచీకి రాదు గాని పన్నుకొస్తదా సర్కారు!" రత్నమ్మ నవ్వింది. "దాని తాళం పోతే?"

"పోయినట్టే అత్తా. పోయి అడగడానికి ఆఫీసుండదు."

"ఇయ్యన్నీ నువ్వు ఆ రోజు చెప్పలేదే?"

"ఎవరూ అడగలా గదా."

"సరే, ఇప్పుడు అడుగుతాండా. మనది ఆ బిట్‌కాయినేనా?"

ఆనంద్ బాబు కొంచెం తడబడ్డాడు. "కాదు. అట్లాంటిదే."

"అట్లాంటిదే అంటే?"

"దీనికి కంపెనీ ఉంది. ఒంగోలులో మీటింగ్ పెట్టినారు. కోటూ టై వేసుకోనొచ్చినారు."

"మన లెక్క కూడా వేల కంప్యూటర్లలో ఉందా?"

"లేదు. వాళ్ల యాప్‌లోనే."

"బయట ఎవరైనా కొంటారా?"

"వాళ్లకే అమ్మాల."

రత్నమ్మ వేళ్లు ఆగిపోయాయి. "మరి కాశమ్మ గేదె డబ్బులు యాడికి పోతాయిరా?"

బయట ఎవరో కోళ్లను పిలుస్తున్నారు. ఆనంద్ బాబు తల దించుకున్నాడు.

"నాకొస్తాయి. అంతేగదా? ఆమె గేదెను నేను తింటా. ఆమెది ఆమెకు రావాలంటే ఇంకొకర్ని పట్టుకు రావాల."

"నాకు వారం కిందనే అనుమానమొచ్చింది అత్తా," అన్నాడు పిల్లవాడు. "ఆ కంపెనీ వాళ్ల ఫోన్ గ్రూపులో ఒక్క ప్రశ్న అడిగినా. నెగెటివ్ మనుషులు మాకొద్దని రెండు రోజులు నన్ను మాట్లాడనియ్యలా. నా డబ్బు పోతే పోయె. నీది, మామ సమాధిది! నీ డబ్బొక్కటి బయటపడితే చాలనుకున్నా. నిన్ను ముంచినానత్తా."

రత్నమ్మ లేచి వచ్చి వాడి తల మీద చెయ్యి పెట్టింది. తిట్టడానికి నోరు రాలేదు. ముప్పై ఎనిమిది వేలు పోయిన బాధ ఒకవైపు, వారం రోజులు ఈ భారం ఒక్కడే మోశాడే అన్న బాధ ఒకవైపు.

"పొద్దున్నుంచి అన్నం తిన్నావా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"లెయ్. ముందు తిను."

ఆదివారం వచ్చింది. చర్చిలో చాపల మీద ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చున్నారు. కాశమ్మ ముందు వరుసలో కూర్చుంది. ఆమె కొంగు చివర నోట్ల ముడి ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. పాస్టరు ఆశీర్వాదం అయ్యగారు "సాక్ష్యాలు చెప్పేవాళ్లు చెప్పండమ్మా" అన్నారు.

రత్నమ్మ లేచింది. ఒక్క అబద్ధం, ఒకే ఒక్కటి! అది కూడా అబద్ధం కాదేమో, ఫోన్‌లో లక్షా పన్నెండు వేలు కనిపిస్తున్న మాట నిజమే కదా. ఆ ఒక్క మాటకి శాంతయ్య పేరు రాయి మీదకెక్కుతుంది.

"ప్రభువుకు స్తోత్రం," అంది. అందరూ "స్తోత్రం" అన్నారు. "నాకు జరిగిన మేలు చెప్తాననుకుంటాండారు. నాకు మేలు జరగలా, నష్టం జరిగింది. ఇట్లాంటిది సాక్ష్యంలో చెప్పొచ్చో లేదో తెల్దు గాని చెప్తా. కాయిన్‌లో ముప్పై ఎనిమిది వేలు పెట్టినా. లక్ష దాటిందని ఫోన్ చూపిస్తాంది. ఆ లక్ష నా చేతికి రావాలంటే మీలో ఒకరు దాంట్లో పడాల. ఎవరు చెప్పినా, నా అన్న తెచ్చిచ్చినా, నేను పలకను తట్టకుండా పక్కన పెట్టలా. దీన్ని మాత్రం తట్టలా. మన బిడ్డ చెప్పినాడు, చర్చిలో చెప్పినాడు, అడిగితే అవిశ్వాసం అవుద్దనుకున్నా. దేవుని మీద విశ్వాసం వేరమ్మా, యాప్ మీద విశ్వాసం వేరు. ఎవరూ పెట్టొద్దు. పెట్టినోళ్లు ఇంకొకర్ని లాగొద్దు."

ఎవరూ స్తోత్రం అనలేదు. అప్పుడు కాశమ్మ గొంతు లేచింది.

"మే! ఈ మాట మొన్న చెప్పుంటే నా గేదె నా కొట్టంలోనే ఉండేది గదే!"

ఎవరో పకపక నవ్వారు. కాశమ్మ కూడా నవ్వుతూ ఏడ్చింది, కొంగు ముడిని రెండు చేతులతో పట్టుకుని. మగవాళ్ల వైపు నుంచి ఆనంద్ బాబు లేచాడు. చాపలు దాటుకుంటూ వచ్చి అత్త పక్కన నిలబడ్డాడు. "ఆమె చెప్పింది నిజం. నేను చెప్పిందే తప్పు. అప్పుడు నాకు తెల్దు. తెలిసినాక వారం రోజులు నోరు మూసుకున్నా, అది ఇంకా పెద్ద తప్పు," అన్నాడు.

ఆశీర్వాదం అయ్యగారు నెమ్మదిగా అన్నారు: "ఇరవై ఏళ్లుగా ఇక్కడ సాక్ష్యాలు వింటున్నా. మనిషి నష్టపోయి ఇంకొకర్ని కాపాడిన సాక్ష్యం ఇదే మొదటిది. ఆ రోజు నేనూ అడగలేదు, నేనూ స్తోత్రం అన్నా. తప్పు నాది కూడా. బిట్‌కాయిన్ కానియ్యండి, చీటీపాట కానియ్యండి, బంగారం కానియ్యండి, అడగండి. మంచి పలకకు దెబ్బంటే భయం లేదు. అడిగితే కోపం తెచ్చుకునేవాడి చేతిలో మీ కష్టాన్ని పెట్టొద్దు."

మర్నాడు అత్తా అల్లుడూ సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించారు. డబ్బు రాలేదు. వస్తుందో రాదో తెలియదు. వారం తిరక్కుండానే ఆ యాప్ తెరుచుకోవడం మానేసింది. లక్షా పన్నెండు వేలు కూడా కనిపించకుండా పోయాయి. కాశమ్మ తన యాభై వేలతో మళ్లీ పొదిలి పోయింది. పాత గేదె దొరకలేదు గానీ, ఒక పెయ్యదూడను తోలుకొచ్చింది. పొద్దున లేస్తే అది గడ్డి అడుగుతోంది, నీళ్లడుగుతోంది. కాశమ్మ తిట్టుకుంటూనే పెడుతోంది.

సమాధుల పండుగ ముందు రోజు ఫ్యాక్టరీ ఆడవాళ్లంతా కలిసి ఒక మందపాటి నల్ల పలకను తీసుకొచ్చి రత్నమ్మ ముందు పెట్టారు. ఆనంద్ బాబు రోజంతా ఎండలో కూర్చుని, ఉలి పట్టడం రాని చేతులతో దాని మీద అక్షరాలు చెక్కాడు. బొటనవేలికి రెండు చోట్ల గుడ్డపీలిక కట్టుకున్నాడు. వరుస వంకర పోయింది, చివరి అక్షరం పక్కకు ఒరిగింది. అయినా చదవొచ్చు: శాంతయ్య.

రత్నమ్మ దాన్ని మట్టికుప్ప తల వైపు నిలబెట్టింది. ఊరికే నిలబెట్టలేదు. ముందు ఎడమచేతి మీద ఆనించుకుని, వేలి కణుపుతో ఒక్కసారి తట్టింది. చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేలా ఖంగున మోగింది.

"మామ నవ్వుతాంటాడు అత్తా, అక్షరాలు చూసి," అన్నాడు ఆనంద్ బాబు.

"నవ్వనియ్యి. ఆయనకు నవ్వంటే ఇష్టం."

రేపో ఎల్లుండో, మీకు ప్రాణమైన మనిషే మీ చేతిలో ఇలాంటి మెరిసే పలక ఒకటి పెట్టి తీసుకోమంటారు. తట్టితే వాళ్ల మనసు నొచ్చుకుంటుందేమో అనిపిస్తుంది. తట్టకుండా తీసుకున్నారే అనుకోండి, మీ డబ్బు వెనక్కి రావాలంటే మిమ్మల్ని నమ్మిన ఒక్క కాశమ్మ చాలంటారు. నిజం చెప్పండి, రత్నమ్మ లేచి నిలబడిన ఆ చాప మీద ఆ నిమిషం మీరుంటే, మీరైతే ఏం చేస్తారు?